ఫ్రిజ్‌లో సీసా, గుమ్మంలో మనిషి

పోయిన డిసెంబరులో మా అమ్మాయి ఫ్రాన్సు నుంచి వస్తూ ఒక వైన్ సీసా తెచ్చింది. రెండు స్వెట్టర్ల మధ్య చుట్టి, చంటిపిల్లను తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చింది. "అమ్మా, ఇందులో నేను కోసిన ద్రాక్ష కూడా ఉంది" అంది. డిజాన్‌లో చదువుకుంటున్న ఈ పిల్ల అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో పది రోజులు మాకోన్ దగ్గర ఒక చిన్న కుటుంబం తోటలో కోత కూలికి వెళ్ళింది. పదిహేను ఎకరాల లోపు తోట. తెల్ల ద్రాక్ష, షార్డొనే రకం. రసాయన ఎరువులు వెయ్యరు, చంద్రుడి నడక చూసుకుని పనులు చేస్తారు. ఆ పద్ధతిని బయోడైనమిక్ సేద్యం అంటారు. నడుం నొప్పితో రాత్రిళ్ళు ఫోన్ చేసి ఏడ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ నొప్పి ఇప్పుడు లేత గడ్డి రంగులో నా చేతికి వచ్చింది.

మా ఇంట్లోకి ముప్పై ఏళ్ళుగా మందు సీసా రాలేదు. పెళ్ళికి ముందు నేను పెట్టిన ఒకే ఒక్క షరతు అది. అయినా ఆ రోజు నేనేమీ అనలేదు. ఇడ్లీ పిండి గిన్నె పక్కకు జరిపి, పెరుగు గిన్నె వెనక ఆ సీసాకు చోటు చేశాను.

మర్నాడు పొద్దున, మా ఇంట్లో పని చేసే ఆమె పాల ప్యాకెట్టు కోసం ఫ్రిజ్ తెరిచింది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. దమ్మాయిగూడలో మేం ఇల్లు కట్టుకున్నప్పటి నుంచీ వస్తోంది. నాకంటే పదేళ్ళు పెద్దది. "గిదేందమ్మా?" అని అడిగింది. "వైన్ పెద్దమ్మా, ద్రాక్షపళ్ళతో చేస్తారు" అంది మా అమ్మాయి. ఆమె సీసాను చూసింది, నన్ను చూసింది. కోపంగా కాదు, ఏదో పాత లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది: "నన్నయితే ఆ పొద్దు గుమ్మంలనే ఆపితివి గదమ్మా."

మూడేళ్ళ కిందటి సంగతి. బోనాల ఆదివారం మర్నాడు ఆమె పనికి వచ్చినప్పుడు కల్లు వాసన వచ్చింది. ముందురోజు అమ్మవారికి సాక పోసి, ఇంటిల్లిపాదీ తాగి ఉంటారు. ఆమె తూలడం లేదు, మాట తడబడడం లేదు. అయినా "తాగి మా ఇంటికి రావద్దు" అని గుమ్మంలోనే చెప్పి వెనక్కి పంపేశాను. ఆ నెల జీతంలో ఆ ఒక్క రోజుదీ కోసుకున్నాను కూడా. ఆమె ఏమీ అనలేదు. నేనూ మర్చిపోయాను. మర్చిపోగలగడం ఎవరికి వీలవుతుందో ఫ్రిజ్ ముందు నిలబడినప్పుడు తెలిసింది.

కల్లులో ఆల్కహాలు మామూలుగా నాలుగైదు శాతం ఉంటుంది. ఆ సీసా మీద 12.5 అని రాసి ఉంది. నేను గుమ్మంలో ఆపినదానికంటే రెండింతలు మించి ఘాటైనదాన్ని పెరుగు గిన్నె పక్కన పెట్టుకున్నాను. మరి నేను ఆ రోజు ఆపింది దేన్ని? ఈ ప్రశ్న ఒక్కదానికే జవాబు వెతుక్కుంటూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నా కోపానికి ఒక చరిత్ర ఉంది. మాది నెల్లూరు జిల్లా, కావలి వైపు. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న రోజుల్లో, 1991లో, అక్షరదీపం కార్యక్రమంలో మా ఊళ్ళో రాత్రిబడి నడిపాను. నా దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళలో మా మేనత్త ఒకరు. నలభై దాటిన మనిషి, నాట్లు వేసి వేసి చేతులు మొద్దుబారిపోయి, బలపం పట్టుకుంటే జారిపోయేది. వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండేది, సారా వల్ల చితికిన సంసారం గురించి. అది చదివిన రాత్రి మా బడి బడిలా లేదు. ఒక్కొక్కరే లేచి ఎవరి సీతమ్మ కథ వాళ్ళు చెప్పుకున్నారు. అత్త మాత్రం ఏమీ చెప్పలేదు. ఆమె చెవులకు కమ్మలు లేవు, చీపురుపుల్లలు ఉన్నాయి. కమ్మలు ఎక్కడికి పోయాయో ఊరందరికీ తెలుసు.

సారా మా ఊళ్ళకు దానంతట అది నడిచి రాలేదు. 1980ల్లో 'వారుణి వాహిని' అని దేవత పేరు పెట్టి ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేర్చింది. మంచినీళ్ళ పంపు లేని వాడకు కూడా సారా ప్యాకెట్టు వేళకు వచ్చేది. దూబగుంటలో ఆడవాళ్ళు అంగడి మూయించారన్న వార్త మా రాత్రిబడికి చేరాక, మా ఊళ్ళోనూ చీపుర్లు, కారం పొట్లాలు పట్టుకుని వీధిలోకి వచ్చారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. అత్త ఇవేవీ చూడలేదు. అంతకు ముందే, ఒక రాత్రి తగిలిన దెబ్బల నుంచి తేరుకోకుండానే పోయింది. తన పేరు తను రాసుకున్న పలక చాలాకాలం నా దగ్గర ఉండేది. ఆ పలక మీద చెయ్యి పెట్టి, ఆ పదార్థాన్ని నా నోటికి, నా ఇంటికి రానివ్వనని ఒట్టు పెట్టుకున్నాను.

ఇంతవరకూ నాకు నా మీద ఫిర్యాదు లేదు. ఫిర్యాదు ఆ తర్వాతి ముప్పై ఏళ్ళ మీద. ఆ ఆడవాళ్ళు వీధిలోకి వచ్చినప్పుడు, తాగడం పాపమా పుణ్యమా అని అడగలేదు. మా కూలి డబ్బు ఎవరి ఖజానాకు పోతోంది, మా ఒంటి మీద దెబ్బలకు ఎవరు జవాబు చెప్తారు అని అడిగారు. కాంట్రాక్టరును అడిగారు, కలెక్టరును అడిగారు, ప్రభుత్వాన్ని అడిగారు. అది ఆగ్రహం. నేను నగరానికి వచ్చి, ఉద్యోగంలో చేరి, ఇల్లు కట్టుకుని స్థిరపడే క్రమంలో ఆ ఆగ్రహం నాలో మెల్లగా అసహ్యంగా మారింది. కల్లు కాంపౌండు ముందు నుంచి వెళ్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నాను. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి కానీ చూపు దిశ వేరు. ఆగ్రహం పైకి చూసి ప్రశ్నిస్తుంది, అసహ్యం కిందికి చూసి తీర్పు చెప్తుంది. మైల, మడి అనేవాటిని మనం సిద్ధాంతంలో ఎంత తిట్టుకున్నా, వాటి ఇంధనం ఈ అసహ్యమే. ఆ రోజు గుమ్మంలో పనిచేసింది అత్త మీద ప్రేమ కాదు. మడే.

అయితే ఆ సీసా ఎందుకు మడిలోకి వచ్చేసింది? దాని మీద నాకెందుకు అసహ్యం కలగలేదు? కూతురు తెచ్చిందని సరిపెట్టుకోవచ్చు. అది సగమే నిజం. మిగతా సగం, ఆ సీసా 'శుద్ధమైనది' అని ముందే నమ్మడం. ఆ శుద్ధి ఏమిటో కొంచెం తెలుసుకోవాలనిపించింది.

బయోడైనమిక్ పద్ధతికి మూలపురుషుడు రుడాల్ఫ్ స్టైనర్. 1924 జూన్‌లో, ఇప్పుడు పోలండులో ఉన్న కోబర్‌విట్జ్ అనే చోట, రైతుల ముందు వరసగా ఉపన్యాసాలు ఇచ్చాడు. పొలం ఒక జీవి లాంటిదనీ, దానికి కావలసినవి దానిలోంచే పుట్టాలనీ ఆయన మాట. అందులో ముఖ్యమైన విధి ఒకటుంది. ఈనిన ఆవు కొమ్ములో పేడ నింపి, శీతాకాలమంతా భూమిలో పాతిపెడతారు. వసంతంలో తవ్వి తీసి, హెక్టారుకు సుమారు 100 గ్రాములు నీళ్ళలో వేసి, ఒక గంటసేపు సుడి తిరిగేలా ఒక వైపు, మళ్ళీ రెండో వైపు కలిపి చల్లుతారు. పలుగురాయి పొడిని కొమ్ములో నింపి వేసవిలో పాతేది మరొకటి. ఏ రోజు వేరుకు మంచిది, ఏ రోజు పండుకు మంచిది అని చంద్రుణ్ణి బట్టి పంచాంగం తయారుచేసింది జర్మనీకి చెందిన మరియా తూన్ అనే స్త్రీ. కొమ్ము మహిమకు గట్టి శాస్త్రీయ రుజువు లేదు. కానీ రసాయనాలు మాని, కంపోస్టు వేసి, రోజూ తోటలో నడిచి ఆకును చూసుకునే రైతు నేలకు మేలు చేస్తాడనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

ఇది చదువుతుంటే నాకు మా అత్త చేతులు గుర్తొచ్చాయి. పేడ ఎత్తిన చేతులు, కళ్ళాపి చల్లిన చేతులు, దిబ్బ నుంచి ఎరువు గంపలు మోసిన చేతులు. ఆ పనిని ఎవరూ తత్వం అనలేదు, పాచిపని అన్నారు. కొమ్ము సంగతి ఇంకో మెట్టు కింద ఉంది. చచ్చిన గొడ్డును ఈడ్చుకెళ్ళి, తోలు తీసి, కొమ్ము వేరు చేసే పని మన ఊళ్ళలో ఏ కులానికి అంటగట్టారో, దానికి బదులు ఎంత వెలి ఇచ్చారో చెప్పనక్కర్లేదు. అదే పేడ, అదే కొమ్ము ఒక ఐరోపా పండితుడి ఉపన్యాసంలోంచి తిరిగి వస్తే మనం నోట్సు రాసుకుంటాం. స్టైనర్‌ను ఎగతాళి చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఒక పని గౌరవం ఆ పనిలో ఉండదు, చేసే మనిషి స్థానంలో ఉంటుందన్న పాత సంగతి ఇక్కడ ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చెప్పడమే.

ఇక 'చిన్న కుటుంబం తోట' అనే మాట. చెవికి ఎంత ఇంపుగా ఉంటుందో! కుటుంబం అనే మాట వినగానే అనుమానించడం మనం ఎప్పుడో నేర్చుకున్నాం కదా. అక్కడి పది రోజుల గురించి మా అమ్మాయిని గుచ్చిగుచ్చి అడిగాను. ఆ ఇంటి ఇల్లాలు పొద్దున ఐదింటికి లేచి పదిహేనుమంది కూలీలకు వంట చేసేదట. మధ్యాహ్నం తనూ కత్తెర పట్టుకుని సాళ్ళలోకి వచ్చేదట. రాత్రి లెక్కలు, పార్శిళ్ళు, సీసాలకు లేబుళ్ళు కూడా ఆమే. ఆ లేబుల్ మీద యజమాని ఇంటిపేరు, దాని పక్కన రెండు మాటలు: 'పేర్ ఎ ఫిస్'. తండ్రీ కొడుకులు అని అర్థం. ఫ్రాన్సులో ఎన్నో వైన్ సీసాల మీద ఈ మాటలే ఉంటాయట. ఆమె తన చేతులతో అంటించే కాగితం మీదే ఆమె లేదు.

చట్టం కూడా చాలాకాలం అలాగే చూసింది. 1804 నాటి నెపోలియన్ స్మృతి ప్రకారం పెళ్ళయిన స్త్రీ మైనరుతో సమానం. భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చెయ్యడానికి, సొంతంగా బ్యాంకు ఖాతా తెరవడానికి అక్కడి భార్యలకు 1965 చట్టం దాకా వీలు లేదు. ప్రభుత్వ కాగితాల్లో రైతు భార్య 'వృత్తి ఏమీ లేదు' అనిపించుకుంటూనే తెల్లవారుజాము నుంచి పని చేసింది. భార్యాభర్తలిద్దరే సమాన భాగస్వాములుగా వ్యవసాయ సంస్థ పెట్టుకునే ఏర్పాటు 1985 జులైలో వచ్చింది. అదే 1985 సెప్టెంబరు నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన వాటా వర్తించింది. రెండు నేలలు, ఒకే ఏడాది. మన పొలాల్లో ఆ వాటా ఎంతమంది చేతికి వచ్చిందో పాసుపుస్తకాలు తెరిచి చూస్తే తెలుస్తుంది.

ఆ స్మృతి కిందే ఒక విచిత్రం జరిగింది. భార్యకు లేని హక్కు వితంతువుకు ఉండేది. భర్త పోయాక ఆమె తన పేర వ్యాపారం చేసుకోవచ్చు. 1805లో, ఇరవై ఏడేళ్ళ వయసులో భర్తను పోగొట్టుకున్న బార్బ్ నికోల్ పోన్సార్దాన్ షాంపేన్ వ్యాపారాన్ని చేతిలోకి తీసుకుని దేశదేశాలకు అమ్మింది. ఆ సీసాల మీద ఈనాటికీ 'వవ్ క్లికో' అని ఉంటుంది. క్లికో వితంతువు అని అర్థం. మనం పేరంటానికి పిలవని మాట అక్కడ పెళ్ళి విందుల్లో బల్ల మీద మెరుస్తుంది. కానీ ఆలోచిస్తే అది గర్వించాల్సిన కథ మాత్రమేనా? ఒక స్త్రీ మనిషిగా లెక్కకు రావడానికి ఒక పురుషుడు చచ్చిపోవాల్సి వచ్చింది.

తర్వాతి కాలంలో మార్పు రాలేదని కాదు. బుర్గుండీలో పేరున్న తెల్ల వైన్ తోట ఒకటి, దోమెన్ లఫ్లేవ్. ఆ కుటుంబపు కూతురు ఆన్ క్లోద్ లఫ్లేవ్ 1990లో బాధ్యతల్లోకి వచ్చింది. కొన్ని మడుల్లో బయోడైనమిక్ పద్ధతిని, కొన్నిటిలో మామూలు పద్ధతిని పక్కపక్కనే ప్రయోగించి చూసి, 1997 నాటికి తోట మొత్తాన్ని మార్చేసింది. 2015లో చనిపోయేనాటికి, ఈ పద్ధతిని చాదస్తమని నవ్వినవాళ్ళు ఆమె దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే పరిస్థితి తెచ్చింది. నేల తన చేతిలో ఉన్న స్త్రీ ఏం చెయ్యగలదో చెప్పడానికి ఆమె ఉదాహరణ చాలు. నేల చేతిలో లేని స్త్రీలు అదే తోటల్లో ఎక్కడుంటారన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది.

ఈ ప్రశ్నను వదిలేసి నేల శుద్ధిని మాత్రమే పట్టుకుంటే ఎక్కడికి చేరతామో చరిత్రలో ఒక భయంకరమైన ఉదాహరణ ఉంది. నాజీల కాలంలో దఖావ్ నిర్బంధ శిబిరం పక్కన ఎస్.ఎస్. దళం ఒక పెద్ద మూలికల తోట నడిపింది. అక్కడ పాటించింది ఈ బయోడైనమిక్ పద్ధతే. ఆ నేలకు రసాయనం తగలనివ్వలేదు. ఆ నేలను తవ్వింది ఖైదీలు. ఎండలో వానలో పనిచేస్తూ ఎందరో చనిపోయారు. ఈ పద్ధతిని నమ్మినవాళ్ళంతా నాజీలని అనడం అన్యాయం. స్టైనర్ అనుయాయుల సంఘాన్ని నాజీలే 1935లో నిషేధించారు కూడా. నేను తీసుకునే పాఠం వేరు. నేల మీద దయ ఉన్నచోట మనిషి మీద దయ ఉంటుందన్న హామీ లేదు. మట్టి ఆరోగ్యానికి ముద్ర వేసే సంస్థ కూలి బతుక్కి కూడా ముద్ర వేసిందని మనం అనుకోకూడదు.

దఖావ్ పాతకథ అనిపిస్తే నిన్నటి కథా ఉంది. 2023 సెప్టెంబరులో షాంపేన్ ప్రాంతపు కోతల్లో 50 మందికి పైగా కూలీలను, ఎక్కువమంది పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళను, మనుషులుండలేని ఇంట్లో కుక్కి పనిచేయించారు. 2025 జులైలో అక్కడి న్యాయస్థానం దాన్ని మనుషుల అక్రమ రవాణాగా నిర్ధారించి శిక్షలు వేసింది. మా అమ్మాయికి వంట చేసిపెట్టిన ఇల్లాలు దొరికింది, చట్టప్రకారం కూలి దొరికింది. కాగితాలున్న విద్యార్థిని కాబట్టి.

ఇక నా గుమ్మం సంగతికి వస్తాను. దమ్మాయిగూడలో ఉండేవాళ్ళకు శుద్ధి గురించి మాట్లాడే ధైర్యం అంత తేలిగ్గా రాదు. పక్కనే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు. మూడు వందల ఎకరాలకు పైగా స్థలంలో హైదరాబాదు నగరం తిన్నదీ తాగిందీ పారేసిందీ అంతా ఇరవై ఏళ్ళకు పైగా వచ్చి చేరుతోంది. వాన పడ్డ సాయంత్రం కిటికీలు మూసుకుంటాం. చెత్తలోంచి ఊరే నల్లనీళ్ళకు మల్కారం చెరువు నల్లబడింది. కొన్నేళ్ళ కిందట మా పక్క కాలనీలో బోరు నీళ్ళు రంగు మారాయి. ఆ కొండ మీద సీసాలు, ప్లాస్టిక్కు ఏరుకుని బతికే ఆడవాళ్ళున్నారు. ఖరీదైన సీసా కూడా చివరికి చేరేది వాళ్ళ గోనెసంచిలోకే.

అయితే ఈ నేలకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. అది నాకు చెప్పింది పనికి వచ్చే ఆమే. సీసా మీద ద్రాక్షగుత్తి బొమ్మ చూసి, "నా పదేండ్ల నుంచి నా పెండ్లి దాంక ద్రాక్షతోటల్నే జేసిన" అంది. నేను నిర్ఘాంతపోయాను. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు. కీసర, శామీర్‌పేట, మేడ్చల్ వైపు ఒకప్పుడు ద్రాక్షతోటలు విరివిగా ఉండేవి. హైదరాబాదుకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహి ఇక్కడిదే, లేత పసుపుపచ్చగా మెరిసే పొడుగాటి తెల్ల ద్రాక్ష. రాజద్రాక్ష అని దాని అర్థం. తర్వాత గింజల్లేని తామ్సన్ వచ్చింది. తామ్సన్ గుత్తులు సాగడానికి వాటిని ఒక్కొక్కటే మందునీళ్ళలో ముంచాలి. ఆ పని ఆడవాళ్ళది, ఆడపిల్లలది. పందిరి కింద రోజంతా చేతులు పైకెత్తి నిలబడాలి. "మెడ ఇగ కిందికి దిగకపోయేది" అంది. తోటలు ప్లాట్లయ్యాయి. పందిరి మోసిన రాతి కడీలు ఇప్పుడు ఖాళీ స్థలాలకు కంచె రాళ్ళుగా మా కాలనీ చివర ఇంకా కొన్ని నిలబడి ఉన్నాయి. వాటి పక్క నుంచే నేను రోజూ కాలేజీకి వెళ్ళాను.

మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టే మందు గురించి కూడా చెప్పింది. జుట్టు, గోళ్ళు నీలం రంగయ్యేవట. 'బోర్డో మందు' అంది. ఆ మాట ఎక్కడిదో ఆమెకు తెలియదు. బోర్డో ఫ్రాన్సులోని వైన్ నగరం. తీగలకు పట్టిన బూజు తెగులుకు విరుగుడుగా 1885లో మిల్లార్డె అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ ఈ మిశ్రమాన్ని లోకానికి తెలియజేశాడు. బయోడైనమిక్ తోటల్లో కూడా రాగి మందును పూర్తిగా మానలేదు, హెక్టారుకు ఏడాదికి 3 కిలోల రాగి మించకూడదని పరిమితి పెట్టుకున్నారు. అంటే మా అమ్మాయి పది రోజులు కోసిన తీగకూ, ఈమె పదేళ్ళు కింద నిలబడ్డ తీగకూ మధ్య ఒక నీలం మరక ఉంది. ఒకరి పది రోజులకు ఒక సీసా గుర్తుగా మిగిలింది. ఇంకొకరి పదేళ్ళకు మెడనొప్పి మిగిలింది.

మరి కల్లు? ఈతచెట్టు నుంచి పొద్దున దించితే తియ్యగా ఉండి, ఎవరూ ఏమీ కలపకుండానే మధ్యాహ్నానికి దానంతట అదే పులిసే పానీయం అది. బయోడైనమిక్ వైన్ గురించి పుస్తకాల్లో పొగిడే గుణాలన్నీ, నేల, చెట్టు, గాలిలోని పులుపు, దానిలో ఉన్నాయి. లేబుల్ ఒక్కటే లేదు. నిజమే, కల్లు పేరుతో అమ్మేదంతా కల్లు కాదు. చెట్లు తగ్గి గిరాకీ పెరిగినచోట డైజోపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. 2004లో నగరంలో కల్లు దుకాణాలు మూయించారు, తెలంగాణ వచ్చాక 2014లో మళ్ళీ తెరిచారు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయారు. ఆమె మరిదికి ఆ మత్తుమందే అలవాటై, మానితే ఫిట్స్ వచ్చి, ఆస్పత్రిపాలయ్యాడు. ఇవన్నీ ఆమెకు నాకంటే బాగా తెలుసు. "చెట్టు కల్లు ఏరే, మందు కల్లు ఏరే. గౌడాయన ఎవరో ఎరికుంటెనే తాగాలె" అంది.

ఆ మాట నన్ను ఆపింది. ఫ్రెంచి తోట గురించి నేను చదివిన వ్యాసాలన్నీ ఎన్నో పేజీల్లో చెప్పింది ఆమె ఒక్క వాక్యంలో చెప్పింది. ఎవరు చేశారో ఎరిగి ఉండడం. కానీ నేను దానికి ఇంకొకటి కలపాలనుకుంటున్నాను. ఎవరు చేశారో ఎరగడంతో పాటు, చేసినవాళ్ళకు ఏం దక్కిందో అడగాలి. ఒక వస్తువు మంచిదా చెడ్డదా అని అడిగినప్పుడు మనం ఇప్పటిదాకా దాని శుద్ధిని అడుగుతున్నాం. అందులో ఏం కలిసింది, దాన్ని ఎవరు ముట్టుకున్నారు అని. ఆ ప్రశ్న ఎటు తిప్పినా చివరికి ఎవరినో ఒకరిని గుమ్మంలో నిలబెడుతుంది. దూబగుంట ఆడవాళ్ళ ప్రశ్న శుద్ధి గురించి కాదు, జవాబుదారీ గురించి. అది సారాను ఆపగలిగింది, కల్లు తాగిన కూలిమనిషిని అవమానించలేదు. నేను వాళ్ళ గెలుపును తీసుకుని, వాళ్ళ ప్రశ్నను వదిలేశాను.

తాగుడు మీద ఇంత మెత్తబడితే, ఈ రోజుకీ బెల్టుషాపు నుంచి తూలుతూ ఇంటికొచ్చే మగవాడి చేతిలో దెబ్బలు తినే స్త్రీకి మనమేం చెప్తామని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడుగుతున్నాను. మన వీధుల్లో 'వైన్స్' అని బోర్డు ఉన్నచోట వైన్ తప్ప మిగతావన్నీ అమ్ముడవుతాయి, ఆ రాబడి మీద ప్రభుత్వాలు నడుస్తాయి. దాని మీద ఆగ్రహం తగ్గాలని నేను అనడం లేదు. అది తగ్గినందుకే, పై వాళ్ళను అడగలేక, గుమ్మంలో దొరికిన మనిషి మీద చూపించాను అంటున్నాను.

జనవరి మొదటి ఆదివారం మా అమ్మాయి సీసా తెరిచింది. స్టీలు గ్లాసుల్లో పోసింది. అంతకు ముందు నేను ఆమెకు ఆ రోజు కోసుకున్న జీతం ఇచ్చి, "తప్పు నాదే" అన్నాను. "ఇప్పుడేందమ్మా ఇది" అంటూనే లెక్కపెట్టి బొడ్లో దోపుకుంది. క్షమించానని అనలేదు. అనమని అడిగే హక్కు నాకు లేదు. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "పుల్లగున్నది. మా ఈతకల్లే నయం." మా అమ్మాయి పకపకా నవ్వింది. నేను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడిసిన రాయి వాసన, పచ్చి ఆపిల్ వాసన. అత్త ఇంటి చూరు కింద వచ్చే వాసన కోసం నా ముక్కు వెతికింది. అది అందులో లేదు. అయినా గ్లాసు కింద పెట్టేశాను.

"ఇంత రాసి, ఇంత మాట్లాడి, నువ్వు మాత్రం తాగవా అమ్మా?" అంది నా కూతురు, కొంచెం నొచ్చుకుని. తన చేతి పనిని నేను కాదన్నట్టు ఆమెకు అనిపించిందని తెలుసు. నాది ఒట్టు, నీతి కాదు అని చెప్పాను. ఒట్టు చచ్చిపోయిన ఒక మనిషికి నేను ఇచ్చినమాట, అది నన్ను మాత్రమే కట్టేస్తుంది. నీతి అందరికీ వర్తించాలి. ఇన్నాళ్ళూ నా ఒట్టును నీతి అనుకుని ఇంకొకరి చేత పాటించబోయాను, ఆ మనిషి పేదది కాబట్టి కుదిరింది. ఆమె విన్నది, ఒప్పుకుందో లేదో తెలియదు. తన గ్లాసు తాను తాగింది.

ఖాళీ సీసాను నానబెట్టి లేబుల్ ఊడదీసింది, దాచుకోవడానికి. సీసా మందంగా ఉందని, నువ్వుల నూనెకు బాగుంటుందని పనికి వచ్చే ఆమె అడిగి తీసుకెళ్ళింది. నాకు మాత్రం కాలనీ చివర ఉన్న ఆ కడీల దగ్గర ఒకసారి ఆగి చూడాలని ఉంది, ఆమెను తోడు తీసుకుని. ఏ వరసలో ఏ పందిరి ఉండేదో ఆమెకు ఇంకా గుర్తుందట.